కరివేపాకు వెల్లుల్లి ఉప్పు సీసాలో గడ్డ కట్టేస్తోంది, ఇంట్లో ఫ్లేవర్ ఉప్పులు చేసేవాళ్ళు కాస్త చెప్పండి

బీచ్‌రోడ్డు_వంటిల్లు | ఆదివారం ఉదయం 9:14

అందరికీ నమస్తే అండి. మాది విశాఖ, సముద్రానికి కిలోమీటరు కూడా ఉండదు ఇల్లు. మా పాపకి ఉడకబెట్టిన మొక్కజొన్న గింజలు, గుడ్డు, బంగాళదుంప ముక్కలు ఏవి పెట్టినా పైన పెరిపెరి ప్యాకెట్ చల్లితేనే తింటుంది, ఆ ప్యాకెట్ వెనక చదివితే పంచదార, ఇంకేవో నంబర్లు ఉన్నాయి, సరే మన ఇంట్లోనే మంచి వాసన ఉన్న ఉప్పు చేసిపెడదాం అనుకున్నా. రెండు గుప్పిళ్ళ కరివేపాకు కడిగి రాత్రంతా ఫ్యాన్ కింద గుడ్డ మీద ఆరబెట్టా, పొద్దున ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, నాలుగు ఎండుమిర్చి, స్పూను జీలకర్ర, వంద గ్రాముల రాళ్ళ ఉప్పు అన్నీ కలిపి మిక్సీలో తిప్పేశా. ఆ రోజు వాసన చూడాలి, వంటింట్లోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఏంటది ఏంటది అని అడిగారు. నాలుగో రోజుకి సీసా అడుగున తడి కనిపించింది, వారానికి స్పూను దిగట్లేదు, పదో రోజు మూత తీస్తే వెల్లుల్లి వాసన మారిపోయి పుల్లగా కొట్టింది, పారబోశా. ఇది రెండోసారి. ఉప్పు కదా పాడవదు అనుకున్నా, ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి ప్లీజ్.

గోదారి_గట్టు | ఆదివారం ఉదయం 10:02

అమ్మా, తప్పు ఉప్పుది కాదు, నువ్వు తడి పోని సరుకుని సీసాలో పెట్టావు అంతే. ఒక్క రాత్రి ఫ్యాన్ కింద ఆరిన కరివేపాకు పైకి ఆరినట్టు ఉంటుంది కానీ లోపల ఈనెలో నీళ్ళుంటాయి, ఇంక పచ్చి వెల్లుల్లి అయితే చెప్పక్కర్లేదు, ఉప్పు తగలగానే నీరు వదిలేస్తుంది. ఆవకాయలో ముక్కలు మూడో రోజుకి ఊట ఎలా వదులుతాయో చూస్తావు కదా, నీ సీసాలో జరిగింది అదే.

ఇంకోటి, మా అమ్మ కంది పొడి కొట్టినా కరివేపాకు పొడి కొట్టినా రాళ్ళ ఉప్పుని ముందు వేయించేది. నూనె చుక్క లేకుండా ఇనప మూకుట్లో సన్నమంట మీద పోసి అట్లకాడతో కదుపుతూ ఉంటే మొదట ఏమీ ఉండదు, రెండు నిమిషాలకి చిటపట మొదలవుతుంది, ఒక్కో గల్లు ఎగిరి చేతిమీద పడుతుంది కూడా, చూసుకోవాలి. ఆ చప్పుడు ఆగేదాకా వేయించాలి. చప్పుడు ఆగిందంటే ఉప్పులో నీళ్ళు పోయాయి అని మా అమ్మ చెప్పేది. అప్పుడు దించి పూర్తిగా చల్లారాక రోట్లో వేసి దంచితే పిండిలా అయిపోతుంది, వేయించని ఉప్పు అలా నలగదు. ఈ ఒక్క పని చేసి చూడు.

మక్కకంకి | ఆదివారం ఉదయం 10:40

అక్కా మాది కరీంనగర్ దిక్కు. మా ఇంట్ల అసలు సీసాలల్ల పెట్టుడే లేదు. మక్కకంకులు కాల్చుకునేటప్పుడు నాలుగు ఎల్లిపాయ రెబ్బలు, ఎండుమిరపకాయలు, దొడ్డుప్పు రోట్లేసి కచ్చాపచ్చా దంచి నిమ్మకాయ చెక్క దాంట్ల అద్ది కంకికి రుద్దుకుంటం, అయిపాయె. పొద్దుగాల దంచింది రాత్రికి ఖతం. పచ్చి ఎల్లిపాయ వాసన ఆ పూటకే ఉంటది, మీరు ఎంత ఆరబెట్టినా ఎంత మంచిగ దాచినా ఆ ఘాటు మళ్ళ రాదు. నెల రోజులు ఉండాలె అంటే వేరే వస్తువు అయితది గని ఇది కాదు. నా మాట వింటే పిడికెడే చేసుకోండి, రెండు రోజుల్ల తినెయ్యండి.

బీచ్‌రోడ్డు_వంటిల్లు | ఆదివారం ఉదయం 11:05

మక్కకంకి గారూ మీరన్నది నిజమే, కానీ పొద్దున ఏడున్నరకి బస్సు, రోజూ దంచే టైమ్ ఉండదు నాకు. కనీసం నెల ఉండేది కావాలి.

గోదారి గట్టు గారూ చిటపట సంగతి నాకు అస్సలు తెలీదు. అంత పొడిగా కనిపించే ఉప్పు గల్లులో నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయండి?

పిపెట్_మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 12:31

జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తానండి, ఇది పిల్లలకి ల్యాబ్‌లో చూపించేదే కాబట్టి రాస్తున్నా. సముద్రపు నీళ్ళు ఎండి ఉప్పు గల్లు పెరిగేటప్పుడు ఆ నీటి బొట్లు కొన్ని గల్లు లోపలే చిన్న చిన్న గదుల్లో చిక్కుకుపోతాయి. వేడి తగిలితే ఆ నీళ్ళు ఆవిరై గల్లుని పగలగొట్టుకుని బయటికి వస్తాయి, చిటపట అదే. లోపలినుంచి పగిలిపోయింది కాబట్టే తర్వాత రోట్లో తేలిగ్గా నలుగుతుంది. అమ్మగారు చెప్పింది అక్షరాలా కరెక్ట్.

ఇక గడ్డ కట్టడానికి ఇంకో కారణం మీ ఊరి గాలి. శుద్ధమైన సోడియం క్లోరైడ్ గాలిలో తేమ 75 శాతం దాటితేనే నీళ్ళు పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది, అంతకన్నా తక్కువ ఉంటే పొడిగానే ఉంటుంది. విశాఖ బీచ్ దగ్గర వానాకాలంలో తేమ చాలా రోజులు 75 పైనే ఉంటుంది కదా. పైగా రాళ్ళ ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కొద్దిగా కలిసి ఉంటుంది, అది 33 శాతం తేమ దగ్గరే నీళ్ళు లాగేస్తుంది. అంటే ఎండాకాలంలో హైదరాబాద్‌లో పెట్టినా అది చెమరుస్తుంది. మీ సీసాలో ముగ్గురు కలిసి నీళ్ళు పోశారు, ఆకు, వెల్లుల్లి, ఉప్పు.

కొటారు_గాలి | ఆదివారం మధ్యాహ్నం 2:18

మాస్టారు చెప్పిన మెగ్నీషియం మాట చదివి ఆగలేక రాస్తున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా నౌపడ పక్క, మా తాత నాన్న అందరూ ఉప్పు సాగే. మడిలోకి నీళ్ళు పెట్టి ఎండబెడుతూ పోతే ముందు ఉప్పు పేరుకుంటుంది, ఇంకా ఎండనిస్తే మిగిలిన నీళ్ళు చేదెక్కిపోతాయి, ఆ చేదు నీళ్ళలోనే మెగ్నీషియం అంతా ఉంటుంది. మంచి రైతు ఉప్పు దిగాక ఆ నీళ్ళు బయటికి తోలేసి కొత్త నీళ్ళు పెడతాడు, తీసిన ఉప్పుని గట్టు మీద కుప్ప పోసి చేదు నీరు కారిపోయేదాకా వదిలేస్తాడు. తొందరపడి అదే మడిలో ఆఖరిదాకా ఎండబెడితే తూకం వస్తుంది కానీ ఆ ఉప్పు ఎప్పుడూ చెమరుస్తూనే ఉంటుంది, నాలిక మీద చివర్లో చేదు తగులుతుంది.

అందుకని మీరు ఉప్పు కొన్నాక ఒక గల్లు నోట్లో వేసుకోండి. ఉప్పగా ఉండి ఆగిపోతే మంచిది, వెనక చేదు వస్తే అది ఊరగాయకీ పనికిరాదు, మీ ఫ్లేవర్ ఉప్పుకి అసలే పనికిరాదు. చేత్తో పట్టుకుంటే వేళ్ళకి జిగటగా అంటుకునే ఉప్పు కూడా వద్దు. జనవరి నుంచి వానలు పడేదాకా ఉప్పు దిగుతుంది, వేసవిలో తీసి కుప్పలో బాగా ఆరిన ఉప్పు దొరికితే దాన్ని మించింది లేదు.

బీచ్‌రోడ్డు_వంటిల్లు | ఆదివారం సాయంత్రం 5:47

ఇప్పుడే మా ఉప్పు నోట్లో వేసుకుని చూశానండి, నిజంగా చివర్లో చేదు ఉంది! ఇన్నేళ్ళు అదే వాడుతున్నాం ఎప్పుడూ గమనించలేదు. మరి రాళ్ళ ఉప్పు మానేసి మామూలు ప్యాకెట్ అయోడైజ్డ్ ఉప్పుతో చేస్తే? లేకపోతే సైంధవ లవణం? మా అత్తగారు సైంధవమే మంచిది అంటున్నారు.

పిపెట్_మాస్టారు | ఆదివారం రాత్రి 8:09

ప్యాకెట్ ఉప్పుతో చెయ్యొచ్చు, శుద్ధి చేసింది కాబట్టి తేమ తక్కువ లాగుతుంది, చాలావాటిలో గడ్డ కట్టకుండా కొద్దిగా పదార్థం కలుపుతారు కూడా. పొడిగా చల్లుకునే ఉప్పుకి అదే సులువు. రుచిలో గల్లు ఉప్పుకున్న కరకర ఉండదు అంతే తేడా.

సైంధవం గని నుంచి తవ్వి తీసేది, పాకిస్తాన్ పంజాబ్‌లో ఖేవ్రా గనులనుంచి వచ్చేది పేరున్నది. అందులోనూ ఎక్కువ భాగం సోడియం క్లోరైడే. గులాబి రంగు ఇనుము వల్ల వస్తుంది. రుచి నచ్చితే వాడండి, కానీ ఒక్క విషయం మర్చిపోవద్దు, దాంట్లో అయోడిన్ మనకి సరిపడా ఉండదు. మన దేశంలో నేరుగా తినే ఉప్పుకి అయోడిన్ తప్పనిసరి అని 2006 నుంచి రూల్ ఉంది, మన చేతికి వచ్చేసరికి కనీసం 15 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 15 వంతులు, ఉండాలి. చిన్నపిల్లలకీ గర్భిణులకీ అది చాలా ముఖ్యం. కాబట్టి కూరల్లో పప్పుల్లో అయోడైజ్డ్ ఉప్పు పెట్టుకుని, పైన చల్లుకునే చిటికెడు మాత్రం మీకు నచ్చిన ఉప్పుతో చేసుకుంటే ఇబ్బంది లేదు. ఇల్లంతా సైంధవానికి మారిపోవడం మాత్రం నేను ఎవరికీ చెప్పను. అయోడైజ్డ్ ఉప్పుని మూకుట్లో వేయించొద్దు కూడా, వేడికీ తేమకీ అయోడిన్ కొంత పోతుంది. దానికి వేయించే అవసరమూ లేదు, పొడిగానే వస్తుంది.

సీమ_మిరప | ఆదివారం రాత్రి 9:20

అన్నా, అందరూ ఉప్పు గురించే మాట్లాడతాండారు, మిరపకాయ సంగతి ఎవరూ ఎత్తలేదు. చల్లుకునే ఉప్పులో మిరప ఘాటు కంటే రంగు, వాసన ముఖ్యం, చిన్నపిల్ల తినేది కదా. గుంటూరు కాయ వేస్తే రెండు కాయలకే నోరు మండతాది, బ్యాడగి కాయ తీసుకోండి, ముడతలు ముడతలుగా ఉంటాది చూడండి అది, ఎర్రగా రంగు దిగతాది కారం తక్కువ. తొడిమ తీసి, గింజలు దులిపేసి, సన్నసెగ మీద వేయించినాక విరిస్తే ఫట్‌మని విరగాల. వంగుతాదంటే ఇంకా తడి ఉన్నట్టే. గింజలు దులపమని చెప్పేది ఎందుకంటే గింజలో నూనె ఉంటాది, నెల రోజులకి కమురు వాసన వచ్చేది దాంతోనే.

ఇంగ పులుపు కావాలంటే నిమ్మరసం పొయ్యొద్దు. మామిడి ఒరుగులు ఉంటాయి కదా, ఎండాకాలంలో పచ్చిమామిడి ముక్కలు కోసి ఎండబెట్టినవి, వాటిని మిక్సీలో కొడితే ఆమ్‌చూర్ అదే. మా అవ్వ పప్పులోకని ఎండబెడతాది, నేను సగం దొంగతనంగా పొడి చేసుకుంటా.

హాస్టల్_రూమ్_14 | ఆదివారం రాత్రి 10:55

పులుపు మాట వచ్చింది కాబట్టి నాకు జరిగింది చెప్తా, ఇంకెవరికీ జరగకూడదు. వీడియోలో ఎవరో నిమ్మ ఉప్పు అని చెప్తే, అది నిమ్మకాయ వాసన ఉన్న ఉప్పు అనుకుని కిరాణా షాపులో నిమ్మ ఉప్పు ఇవ్వండి అని అడిగా, ఆయన తెల్ల పలుకులు పొట్లం కట్టి ఇచ్చాడు. ఉప్పే కదా అని జామకాయ ముక్కలమీద రెండు స్పూన్లు చల్లి ఫ్రెండ్స్‌కి ఇచ్చా. ఒకడికి నాలిక పొక్కిపోయి రెండు రోజులు అన్నం తినలేకపోయాడు, చాలా బాధపడ్డా. షాపులో నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ యాసిడ్ అండి, ఉప్పే కాదు అది! పావు కిలో మిశ్రమంలో పావు స్పూను వేస్తే చాలు పులుపు వస్తుంది, స్పూన్లు స్పూన్లు వేసేది కాదు.

గోదారి_గట్టు | సోమవారం ఉదయం 6:30

అయ్యో నాయనా. మేం చిన్నప్పుడు సోడాలోకి, పాలు విరగ్గొట్టడానికి వాడేవాళ్ళం దాన్ని, పేరులో ఉప్పు ఉన్నా ఉప్పు కాదు. మంచి మాట చెప్పావు, ఇది పైన అందరికీ కనపడేలా పెట్టాలి.

నిమ్మ వాసనే కావాలంటే నిమ్మకాయ కాదు, దబ్బకాయ తెచ్చుకోండి. మన నిమ్మకాయ తొక్క పలచన, గీరితే కింద తెల్లది వచ్చేసి చేదు తగులుతుంది. దబ్బకాయకి తొక్క మందం, పైన పచ్చటి పొర ఒక్కటే పల్చగా గీరుకోవచ్చు. ఆ గీరిన తొక్కని ఉప్పులో వేసి వేళ్ళతో నలిపితే ఉప్పంతా పచ్చగా, తడితడిగా అయిపోయి ఘుమ్మంటుంది. దాన్ని పళ్ళెంలో పరిచి ఎండలో పెట్టేసుకోవడమే. పులిహోరలో చివర్న ఒక చిటికెడు వేసి చూడండి.

డల్లాస్_పెరడు | సోమవారం ఉదయం 7:12

గోదారి గట్టు ఆంటీ చెప్పిందాంట్లో ఒక పాయింట్ ఉంది అందరూ గమనించారా, తొక్క తడిగానే ఉప్పులో కలిపి ఆ తర్వాత ఆరబెట్టమన్నారు. నేను ఇక్కడ వెల్లుల్లి ఉప్పు అలాగే చేస్తా. ముందు వెల్లుల్లిని ఆరబెట్టి తర్వాత ఉప్పు కలిపితే సగం వాసన గాల్లో పోతుంది. అదే పచ్చి వెల్లుల్లిని మెత్తగా దంచి కప్పు ఉప్పుకి పెద్ద స్పూను చొప్పున కలిపేస్తే, ఉప్పు ఆ రసం అంతా పీల్చుకుంటుంది, అప్పుడు ట్రేలో కాగితం మీద పల్చగా పరిచి ఓవెన్ అతి తక్కువ వేడిలో, మా ఓవెన్‌లో 170 ఫారన్‌హీట్ అంటే 77 సెల్సియస్ దాకా ఉంటుంది, గంటన్నర పెడతా, అరగంటకోసారి ఫోర్కుతో గడ్డలు విడగొడతా. బయటికి తీస్తే పెంకులా గట్టిగా అయిపోతుంది, చల్లారాక ఒక్క తిప్పు తిప్పితే పొడి. రెండు నెలలు వచ్చింది నాకు, అదే వాసన.

కాబట్టి బీచ్‌రోడ్డు గారూ, మీరు పచ్చి వెల్లుల్లి వేయడం తప్పు కాదు, వేశాక ఆరబెట్టకుండా సీసాలో పెట్టడమే తప్పు.

ఇక్కడ అమెరికాలో సీజన్డ్ సాల్ట్ అని ప్రతి వంటింట్లో ఉంటుంది, బాగా పేరున్నది లారీస్, 1938లో బెవర్లీ హిల్స్ రెస్టారెంట్‌లో మాంసం మీద చల్లడానికి మొదలుపెట్టారు. వెనక చదివితే ఉప్పు, పంచదార, పాప్రికా, పసుపు, ఉల్లి, వెల్లుల్లి, కార్న్ స్టార్చ్. మన వంటింట్లో లేనిది ఏముంది దాంట్లో? పాప్రికా బదులు బ్యాడగి పొడి, పంచదార తీసేస్తే మన ఉప్పుకారమే.

మక్కకంకి | సోమవారం ఉదయం 8:03

డల్లాస్ అన్నా మా దగ్గర ఓవెన్ గిట్ల లేదు, ఎండ కూడ లేదు ఇప్పుడు. ఆషాఢం నడుస్తున్నది. ఏం చేయాలె?

గోదారి_గట్టు | సోమవారం ఉదయం 8:41

పొయ్యి ఉంది కదా నాయనా. అట్ల పెనం బాగా కాచి పొయ్యి ఆపేసి, ఉప్పు ముద్దని దాని మీద పల్చగా పరిచెయ్. పెనం చల్లారాక మళ్ళీ కాచి మళ్ళీ ఆపు. మూడు నాలుగు సార్లకి ఆరిపోతుంది. మంట మీద పెట్టి వేయించావంటే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది, ఆ చేదు ఇంక పోదు. కరివేపాకు కూడా అంతే, ఆపేసిన మూకుట్లో వేసి కదుపు, గలగలమంటుంది. చేత్తో నలిపితే పొడి అవ్వాలి, ముడుచుకుంటే అవ్వలేదు.

దూన్_ఉద్యోగం | సోమవారం మధ్యాహ్నం 1:26

నేను మూడేళ్ళుగా డెహ్రాడూన్‌లో ఉద్యోగం అండి, సొంత ఊరు నల్గొండ. ఇక్కడ కొండ ఊళ్ళలో పిస్యూ లూణ్ అని చేస్తారు, నూరిన ఉప్పు అని అర్థం. మా ఇంటి ఓనర్ ఆంటీ చేస్తుంటే పక్కన కూర్చుని చూశా. మన సన్నికల్లు లాంటి రాయి, సిల్‌బట్టా అంటారు, దాని మీద ముందు పచ్చిమిర్చి, వెల్లుల్లి కాడలతో సహా, కొత్తిమీర, జీలకర్ర వేసి రెండు గల్లులు ఉప్పు వేసి నూరుతుంది. మొత్తం ఉప్పు ఒకేసారి వెయ్యదు. ఆ రెండు గల్లులు ఆకుని చీల్చడానికే అంట. ఆకు ముద్దగా అయ్యాక అప్పుడు మిగతా ఉప్పు కొంచెం కొంచెం పోస్తూ నూరుతుంది, చివరికి ముద్ద కాస్తా పచ్చటి తడి ఇసకలా విడిపోతుంది. అది పళ్ళెంలో పోసి వరండాలో ఎండకి పెడితే సాయంత్రానికి పొడి ఇసక. దోసకాయ మీద, చలికాలంలో పెద్ద కొండ నిమ్మకాయ తొనలకి పెరుగు కలిపి దాని మీద వేసుకుని తింటారు. చపాతీకి కూర లేని రోజు అదే కూర.

ఆవిడ నూరేటప్పుడు చప్పుడు కూడా మారుతుంది, మొదట మెత్తగా ఉండి ఉప్పు పోసేకొద్దీ గరగరమంటుంది. నాకు మా నాయనమ్మ రోటి పచ్చడి నూరడం గుర్తొచ్చి ఆ రోజు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడా.

మక్కకంకి | సోమవారం సాయంత్రం 6:15

నల్గొండ అన్నా, మా దిక్కు పచ్చిమిరపకాయల తొక్కు నూరినట్టే ఉన్నది గద. నేను మొదాలు అన్నది వాపస్ తీసుకుంటున్న, ఇట్ల ఆరబెడితే ఎల్లిపాయ వాసన ఉంటది అంటే నేను కూడ చేస్త.

బీపీ_నాన్న_కూతురు | సోమవారం రాత్రి 8:50

మధ్యలో వస్తున్నా, మా నాన్నకి బీపీ, డాక్టర్ ఉప్పు బాగా తగ్గించమన్నారు. చప్పటి తిండి తినలేక ఆయన ముద్ద పక్కన పెట్టేస్తుంటే చూడలేకపోతున్నా. ఇలాంటి ఉప్పు ఆయనకి పనికొస్తుందా? షాపులో లో సోడియం ఉప్పు కూడా ఉంది, అది కలపనా?

పిపెట్_మాస్టారు | సోమవారం రాత్రి 9:33

అమ్మా, టీ స్పూను ఉప్పు అంటే ఇంచుమించు 6 గ్రాములు, అందులో సోడియం సుమారు 2300 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, పప్పు, కూర, పచ్చడి, అప్పడం అన్నీ కలిపి. కాబట్టి నాన్నగారికి మీరు చేసేది ఉప్పుకి అదనంగా కాదు, ఉప్పు బదులుగా ఉండాలి. కూరలో ఉప్పు సగానికి తగ్గించి, మూడు వంతులు ధనియాలు జీలకర్ర మిరియాలు కరివేపాకు ఒరుగుల పొడి, ఒక వంతు ఉప్పు ఉండే పొడి చేసి పైన చిటికెడు చల్లండి. నాలిక మీద ముందు తగిలేది పైన చల్లిందే కాబట్టి తక్కువ ఉప్పుకే ఉప్పదనం తెలుస్తుంది, మెత్తగా పొడి చేస్తే ఇంకా త్వరగా తెలుస్తుంది. పులుపు కూడా సాయం చేస్తుంది.

లో సోడియం ఉప్పు మాత్రం డాక్టర్‌ని అడగకుండా వద్దు. అందులో కొంత భాగం పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకీ కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకీ ఒంట్లో పొటాషియం పెరిగిపోతే గుండెకి ప్రమాదం. నాన్నగారి మందుల చీటీ చూపించి అడగండి.

బీపీ_నాన్న_కూతురు | సోమవారం రాత్రి 9:58

చాలా థాంక్స్ మాస్టారూ, గురువారం చెకప్ ఉంది, చీటీ పట్టుకెళ్ళి అడుగుతా. ఒరుగుల పొడి రేపే చేస్తా.

సీమ_మిరప | మంగళవారం ఉదయం 7:40

అక్కా, మా నాయనకి కూడా ఇదే. వేయించిన నువ్వులు కొంచెం కలిపి చూడు, కమ్మగా ఉంటాది, ఉప్పు తక్కువైనా తెలీదు. కాకపోతే నువ్వుల్లో నూనె ఉంటాది కాబట్టి వారానికి సరిపడా మాత్రమే చెయ్యి.

కొటారు_గాలి | మంగళవారం ఉదయం 11:25

దాచడం గురించి ఎవరూ రాయలేదు. ఉప్పుని స్టీలు డబ్బాలో పెట్టకండి, కొన్నాళ్ళకి అడుగున చిన్న చిన్న చుక్కలుగా తినేస్తుంది, మూత అంచు తుప్పు పడుతుంది. గాజు సీసా లేదా పింగాణి జాడీ. పెద్ద సీసాలో నెలకి సరిపడా, పొయ్యి పక్కన వాడేది చిన్న సీసాలో వారానికి సరిపడా, ఇలా రెండు పెట్టుకుంటే పెద్దదాని మూత ఊరికే తియ్యరు. ఉడుకుతున్న గిన్నె మీద సీసా వంచి చల్లొద్దు, ఆవిరి నేరుగా లోపలికి పోతుంది, మా ఇంట్లో అందరికీ ఈ అలవాటు మాన్పించడానికి నాకు ఏడాది పట్టింది. చిన్న సీసాలో వేయించిన బియ్యం గింజలు ఓ పది వేస్తే కాస్త తేమ లాగుతాయి.

మిక్సీ గురించి కూడా, ఉప్పు తిప్పాక జార్ వెంటనే కడిగి తుడిచేయండి, బ్లేడు కింద ఉప్పు నిలిస్తే వాషర్, బేరింగ్ పోతాయి. ఆకు, మిరప మిక్సీలో, ఉప్పు మాత్రం రోట్లో దంచి చివర్లో చేత్తో కలపడం నా పద్ధతి.

హాస్టల్_రూమ్_14 | మంగళవారం రాత్రి 11:30

నల్ల ఉప్పు ఎవరైనా కలిపారా? చాట్ షాపులో వాసన అదే కదా.

సీమ_మిరప | బుధవారం ఉదయం 6:55

జామకాయకి, పుచ్చకాయకి, మజ్జిగకి అదే బాగుంటాది. ఆ గుడ్డు లాంటి వాసన గంధకం వల్ల, ఉప్పుని కరక్కాయలాంటి వాటితో కలిపి బట్టీలో కాలిస్తే వస్తాది. నాలుగు వంతుల మామూలు ఉప్పుకి ఒక వంతు చాలు, ఎక్కువైతే మిగతా వాసనలన్నీ తినేస్తాది. కరివేపాకుతో మాత్రం కలపొద్దు, రెండూ కొట్టుకుంటాయి.

బీచ్‌రోడ్డు_వంటిల్లు | మూడు వారాల తర్వాత, శనివారం ఉదయం 8:20

అందరికీ చెప్పాలని ఆగి ఆగి రాస్తున్నా. కొటారు గాలి గారు చెప్పినట్టు మూడు షాపులు తిరిగి గల్లు నోట్లో వేసుకుని చేదు లేని ఉప్పు తెచ్చా, రెండో షాపాయన నన్ను వింతగా చూశారు కానీ మూడో షాపులో పెద్దాయన మీకు ఉప్పు తెలుసమ్మా అన్నారు, చాలా సంతోషం వేసింది. 150 గ్రాములు మూకుట్లో వేయించా. చిటపట మొదలైంది, మా పాప పరిగెత్తుకొచ్చి పాప్‌కార్నా అని అడిగింది. ఏడు నిమిషాలకి చప్పుడు ఆగిపోయింది. చల్లారాక రోట్లో వేస్తే నిజంగానే సుద్దలా నలిగింది.

వెల్లుల్లి ఈసారి ఆరు రెబ్బలే, మెత్తగా దంచి ఆ ఉప్పులో సగం కలిపి పెనం మీద గోదారి గట్టు గారి పద్ధతిలో నాలుగు సార్లు ఆరబెట్టా. మూడోసారికే అయిపోయింది అనుకున్నా కానీ వేలితో నొక్కితే మధ్యలో ఇంకా మెత్తగా ఉంది, అందుకే నాలుగోసారి. కరివేపాకు మూడు రోజులు నీడలో ఆరబెట్టి చివర్లో ఆపేసిన మూకుట్లో గలగలమనేదాకా. గింజలు తీసిన బ్యాడగి ఐదు, జీలకర్ర స్పూను, మిరియాలు పది, ఒరుగుల పొడి స్పూనున్నర. అన్నీ విడివిడిగా పొడి చేసి, మిగిలిన ఉప్పుతో సహా పెద్ద పళ్ళెంలో చేత్తో కలిపి, ఇంకో గంట ఫ్యాన్ కింద ఉంచి అప్పుడు సీసాకెత్తా.

ఈ మూడు వారాల్లో ఇక్కడ ఒక్క రోజు సరిగ్గా ఎండ లేదు, బాల్కనీ గోడలు కూడా చెమరుస్తున్నాయి. పెద్ద సీసా ఇప్పుడే వంచి చూశా, ఇసకలా జారుతోంది. వాసన మొదటి రోజుకంటే కాస్త తగ్గింది కానీ మారలేదు. చిన్న సీసాలో మాత్రం అంచుల దగ్గర కొంచెం అంటుకుంది, మా వారు ఆవిరి మీద వంచారు అని నా అనుమానం.

పాప టిఫిన్ డబ్బా ఖాళీగా వస్తోంది. నిన్న అడిగింది, అమ్మా స్కూల్లో ఫ్రెండ్‌కి కూడా పొట్లం కట్టి ఇవ్వవా అని.

గోదారి_గట్టు | శనివారం ఉదయం 8:52

చల్లగా ఉండండమ్మా. కాగితం పొట్లం వద్దు, దారిలోనే చెమరుస్తుంది, చిన్న గాజు సీసాలో పొయ్యి. వచ్చే వేసవిలో ఒరుగులు ఎండబెట్టేటప్పుడు నీకూ ఒక పళ్ళెం ఎక్కువ ఎండబెడతాను, అడ్రసు పంపు.

మక్కకంకి | శనివారం ఉదయం 9:10

అక్కా నేను కూడ చేసిన, కొత్తిమీర పచ్చిమిరపకాయలతోని, సన్నికల్లు మీద. పెనం మీద ఆరబెడితే రంగు కొంచెం ముదిరింది గని వాసన అట్లనే ఉన్నది. ఎనిమిది రోజులాయె. దూన్ అన్నా, ఆమె ఉప్పు ఎంతకెంత ఏస్తది? నాది బాగ ఉప్పగైంది.

దూన్_ఉద్యోగం | శనివారం మధ్యాహ్నం 12:44

అడిగి వచ్చా తమ్మీ. కొలత ఏమీ లేదంటుంది, ముద్ద రాయికి అంటుకోవడం ఆగిపోగానే ఉప్పు పోయడం ఆపేయాలంట.

మక్కకంకి | శనివారం మధ్యాహ్నం 12:51

నేను దాని తర్వాత ఇంకో పిడికెడు పోసిన. రేపు మళ్ళ నూరుత.